చెర్రీ రొయ్యలు పిల్లలు పెట్టడం లేదా? నీళ్లు మార్చాలా, రొయ్యను మార్చాలా

రాత్రి పదకొండున్నరకి లైటు ఆర్పేసి, ఫోన్ టార్చి అక్వేరియం గాజుకి ఆనించి చూశాను. అందులో ఉన్నవి చెర్రీ రొయ్యలు, అందానికి పెంచే చిన్న ఎర్ర రొయ్యలు. పొద్దున పొట్ట కింద ఇరవై దాకా పసుపు గుడ్లు పెట్టుకుని తిరిగిన ఆడరొయ్య, ఇప్పుడు ఖాళీ పొట్టతో నాచు మేస్తోంది. గుడ్లు పిల్లలు కావడానికి ఇంకా రెండు వారాలు పడుతుంది. అంటే రాల్చేసింది. ఆ సాయంత్రం నేను చేసిన ఘనకార్యం ఒక్కటే: తొట్టి మసకబారిందని సగం నీళ్లు తోడేసి కొత్త నీళ్లు పోశాను.

ఆ తర్వాత కొన్నాళ్లు అందరిలాగే నేనూ సీసాల మీద పడ్డాను. ఖనిజాల సీసా, బ్యాక్టీరియా సీసా, 'బ్రీడింగ్ పెంచే' మేత డబ్బా. ఒకేసారి మూడూ వేశాను కాబట్టి దేనివల్ల ఏం జరిగిందో ఇప్పటికీ తెలీదు. మా బాబాయికి భీమవరం దగ్గర వనామీ రొయ్యల చెరువులున్నాయి. ఇంటికొచ్చినప్పుడు తొట్టిలోకి వంగి చూసి, "ఏరా, ఇవి కూరకి కూడా రావు కదా, వీటికింత వైద్యమా?" అని నవ్వాడు. ఆ వెంటనే, "ముందు నీళ్లు చెక్ చేయించావా?" అని అడిగాడు. మనలో చాలామంది అన్నిటికంటే ఆఖరున చేసే పని అదే.

ఎక్కడ ఆగింది?

"పిల్లలు పెట్టడం లేదు" అన్న ఒక్క మాట వెనక నాలుగు వేర్వేరు సమస్యలున్నాయి. ఒకదానికి పనికొచ్చే మందు ఇంకోదానికి చెరుపు. అందుకని ఏదైనా కొనేముందు వారం రోజులు ఊరికే చూడండి.

ఈడుకొచ్చిన ఆడరొయ్యకి తల వెనక, వీపు మీద పసుపో ఆకుపచ్చో మచ్చ కనిపిస్తుంది. గుర్రం మీద జీనులా ఉంటుందని దాన్ని శాడిల్ అంటారు. అవి లోపల తయారవుతున్న గుడ్లు. అసలు శాడిలే లేదంటే రొయ్యలింకా చిన్నవి (చెర్రీకి ఈడు రావడానికి రెండున్నర, మూడు నెలలు కావాలి), లేదా మేత చాలట్లేదు, లేదా షాపువాడు ఇచ్చినవన్నీ మగవే. శాడిల్ ఉండి కూడా గుడ్లు పొట్ట కిందికి దిగడం లేదంటే మగవి లేవు, లేదా కుబుసం సరిగ్గా విడవట్లేదు. ఆడరొయ్య కుబుసం విడిచిన వెంటనే నీళ్లలోకి ఒక వాసన వదులుతుంది. దాంతో మగవన్నీ పిచ్చెక్కినట్టు తొట్టంతా ఈదుతాయి. ఆ ఈత ఒక్కసారైనా కంటపడితే మగవి ఉన్నట్టే లెక్క. మూడోది, గుడ్లు దిగి రాలిపోవడం. నాలుగోది, పిల్లలు పుట్టి మాయం కావడం. ఈ నాలుగోది చాలామంది గుర్తించరు. "గుడ్లు పెడుతుంది కానీ పిల్లలు రావు" అనేవాళ్ల తొట్లలో చాలాచోట్ల పిల్లలొస్తాయి. రెండు మిల్లీమీటర్లు కూడా ఉండవు కాబట్టి కంటికి ఆనేలోపే పోతాయి.

మొదటిసారి తల్లి అయిన రొయ్య గుడ్లు రాల్చడం మామూలే. దానికి ఏ వైద్యమూ వద్దు. అదే రొయ్య మూడోసారి కూడా రాల్చిందంటే నీళ్ల సంగతి చూడాలి.

ఇంకో పొరపాటు కూడా జరుగుతుంటుంది. పొట్ట కింద పచ్చగా ఏదో కనిపిస్తే గుడ్లనుకుని సంబరపడతాం. గుడ్లయితే ఒక్కొక్కటీ గుండ్రంగా విడివిడిగా కనిపిస్తాయి, తల్లి చిన్న కాళ్లతో వాటిని విసురుతూ ఉంటుంది. విడివిడిగా కాకుండా ఆకుపచ్చటి నూలుపోగుల్లా, కాళ్ల మొదళ్ల నుంచి మొలిచినట్టు ఉంటే అది పరాన్నజీవి. ఆ రొయ్యను వెంటనే వేరే గిన్నెలోకి తీసేయండి.

ఏ రొయ్య?

ఇది అన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సిన ఎంపిక. కానీ కొన్నాక ఆరు నెలలకి గుర్తొస్తుంది.

నాచు బాగా తింటుందని చాలామంది అమానో రొయ్య తెస్తారు. జపాన్‌కి చెందిన తకాషి అమానో మొక్కల అక్వేరియంలలో దాన్ని వాడి పేరు తెచ్చాడు. తొట్టి శుభ్రం చేయడంలో దానికి సాటి లేదు. గుడ్లు కూడా వందల్లో పెడుతుంది. కానీ ఆ లార్వాలు బతకాలంటే ఉప్పునీళ్లు కావాలి, మంచినీటి తొట్టిలో కొద్ది రోజుల్లోనే చచ్చిపోతాయి. గోదావరి జిల్లాల వాళ్లకి ఇది కొత్తగా చెప్పనక్కర్లేదు. మన నీలకంఠ రొయ్య కథా ఇదే కదా. బతికేది నదిలో, గుడ్లతో దిగేది సముద్రం కలిసే చోటికి. కాబట్టి మీది అమానో అయితే ఇక్కడితో చదవడం ఆపేయొచ్చు. మీ తొట్టిలో తప్పేమీ లేదు.

మిగిలినవి రెండు రకాలు. చెర్రీ, బ్లూ డ్రీమ్, ఎల్లో లాంటివన్నీ నియోకారిడినా. పేర్లు ఎన్నున్నా జాతి ఒకటే, రంగులే వేరు. క్రిస్టల్ రెడ్, క్రిస్టల్ బ్లాక్ లాంటివి కారిడినా. ఈ చెర్రీ, క్రిస్టల్ రకాలకి లార్వా దశ ఉండదు, గుడ్డులోంచి తల్లి పోలికతోనే బుల్లి రొయ్య బయటికొస్తుంది. కానీ నీళ్ల దగ్గర రెండూ ఎడమొహం పెడమొహం. నియోకారిడినాకి జీహెచ్ (నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎంతుందో చెప్పే కఠినత్వం) 6 నుంచి 12, పీహెచ్ 7కి కాస్త అటూ ఇటూ, టీడీఎస్ (నీళ్లలో కరిగిన పదార్థాలన్నీ కలిపి ఎంతో చెప్పే అంకె) 150 నుంచి 300 ఉంటే హాయి. కారిడినాకి జీహెచ్ 4 నుంచి 6, కేహెచ్ (పీహెచ్‌ని నిలకడగా ఉంచే కార్బొనేట్ల అంకె) దాదాపు సున్నా, పీహెచ్ 6 చుట్టుపక్కల, పైగా చల్లదనం 20 నుంచి 24 డిగ్రీలు. అంటే ఆర్వో నీళ్లు, ప్రత్యేకమైన మట్టి, వేసవిలో నీళ్లని చల్లబరిచే చిల్లరు యంత్రం. మన ఎండల్లో మొదటి తొట్టికి క్రిస్టల్ రెడ్ తెచ్చుకోవడం అప్పు చేసి గుర్రాన్ని కొనడం లాంటిది. రెండు రకాలనీ ఒకే తొట్టిలో పెట్టి "మధ్యస్థంగా" నీళ్లిస్తే రెండూ బతుకుతాయి, కానీ రెండూ సరిగ్గా పిల్లలు పెట్టవు.

నా సలహా సూటిగా చెప్తాను. చెర్రీతో మొదలుపెట్టండి. అది కూడా ఒకే రంగు. ఎరుపూ నీలమూ కలిపితే పిల్లలు బాగానే వస్తాయి కానీ కొన్ని తరాలకి అన్నీ మట్టిరంగుకి తిరిగిపోతాయి.

ఏ నీళ్లు?

చాలా ఇళ్లలో చిక్కంతా ఇక్కడే. మన దగ్గర సాధారణంగా మూడు నాలుగు రకాల నీళ్లుంటాయి, ఒక్కోదానికి ఒక్కో గుణం.

కుళాయికి వచ్చే మంజీర, కృష్ణా, గోదావరి నీళ్లు చెర్రీకి చాలావరకు సరిపోతాయి. ఇబ్బంది క్లోరిన్‌తోనే. బకెట్లో మూత లేకుండా ఒక రోజు ఉంచితే, ఎయిర్ రాయి (పంపు గాలిని బుడగలుగా వదిలే రాయి) వేస్తే ఇంకా తొందరగా, అది పోతుంది. అమెరికాలో ఉన్న మనవాళ్లు మాత్రం ఈ చిట్కాని నమ్ముకోవద్దు. అక్కడ చాలా ఊళ్లలో క్లోరిన్ బదులు క్లోరమిన్ కలుపుతారు, అది అంత సులువుగా ఆవిరైపోదు. అక్వేరియం నీళ్ల కోసం అమ్మే కండిషనర్ మందు వాడాల్సిందే.

బోరు నీళ్లలో క్లోరిన్ ఉండదు, కానీ కఠినత్వం ఎక్కువ. ఆర్వో నీళ్లలో అసలు సరుకే ఉండదు. ఒట్టి ఆర్వో పోస్తే కొత్త పెంకు కట్టుకోవడానికి రొయ్యకి కాల్షియం, మెగ్నీషియం దొరకవు. పాత పెంకు సగంలో చిట్లి, మెడ చుట్టూ తెల్లటి ఉంగరంలా కనిపించి, అలాగే చచ్చిపోతుంది. నీళ్లు ఒక్కసారిగా ఎక్కువ మార్చినా ఇదే జరగొచ్చు. అంటే ఆ తెల్ల ఉంగరం కనిపించగానే కాల్షియం పోసేయడం తప్పు. ముందు కొలవాలి, లేకపోతే రెండోవైపు తప్పు చేస్తాం.

మా ఇంట్లో ఏం చేశానో చెప్తాను. బోరు టీడీఎస్ 800, గోడకున్న ఆర్వోది 40. పది లీటర్ల బకెట్లో రెండు లీటర్లు బోరు, ఎనిమిది లీటర్లు ఆర్వో కలిపితే మీటరు 190 దగ్గర ఆగింది. భేష్ అనుకున్నాను. కానీ చుక్కల టెస్ట్ కిట్‌తో (రంగు మారేదాకా పడ్డ చుక్కల లెక్కే జీహెచ్) చూస్తే 4 దాటి కొంచెం, అంతే. చుక్కలు లెక్కపెడుతూ సీసా ఊపుతూ, నాలుగో చుక్కకి ఎరుపే, ఐదో చుక్కకి ఆకుపచ్చ. మూడు లీటర్లు బోరు, ఏడు ఆర్వో చేశాక టీడీఎస్ 270కి చేరింది, జీహెచ్ 6 దాటింది. అక్కడ ఆపాను. కిట్ లేనివాళ్లు బోరు నీళ్ల ల్యాబ్ రిపోర్టులో మొత్తం కఠినత్వం లీటరుకి ఎన్ని మిల్లీగ్రాములో చూసి 18తో భాగిస్తే జీహెచ్ దాదాపు వచ్చేస్తుంది. 400 ఉంటే 22.

టీడీఎస్ మీటరు ఒక్కటే నమ్మితే ఎలా మోసపోతామో ఇంకో ఉదాహరణ. మా స్నేహితుడుండే గేటెడ్ కమ్యూనిటీలో సాఫ్టెనర్ ప్లాంటు ఉంది. అతని నీళ్ల టీడీఎస్ 600, జీహెచ్ 1. సాఫ్టెనర్ కాల్షియంని తీసేసి దాని బదులు సోడియం పెడుతుంది, అందుకని మీటరు మీద అంకె పెద్దగా తగ్గదు. నీళ్లు 'గట్టివి' అనుకుని అతను వాటికి ఇంకా ఆర్వో కలిపి పలచన చేస్తూ వచ్చాడు. వారానికో రొయ్య తెల్ల ఉంగరంతో పోయేది. అలాంటి అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లకి ఒకటే దారి: ఆర్వో నీళ్లలో రొయ్యల కోసం అమ్మే జీహెచ్-కేహెచ్ పొడి కలుపుకోవడం. ఖర్చే, కానీ ప్రతిసారీ ఒకే నీళ్లు వస్తాయి. బోరు, ఆర్వో కలపడం చౌక, కానీ వేసవిలో బోరు అడుగంటితే కఠినత్వం మారిపోతుంది, మళ్లీ కొలవాలి. మీకు కొలిచే ఓపిక ఉంటే కలపండి, లేదంటే పొడి కొనుక్కోండి.

రాగి సంగతి మర్చిపోకూడదు. రాగి బిందెలో నిలవ ఉంచిన నీళ్లు మనకి మంచివంటారు, రొయ్యకి మాత్రం విషం. గీజరు నీళ్లు కూడా కలపొద్దు. చిత్రమేమిటంటే రొయ్య రక్తంలో ప్రాణవాయువుని మోసేది రాగి ఉన్న పదార్థమే, అయినా నీళ్లలో కాస్త ఎక్కువైతే తట్టుకోలేదు. చేపల మందుల్లో, నత్తల్ని చంపే మందుల్లో రాగి ఉందేమో లేబుల్ చూడకుండా వేయొద్దు.

నీళ్లు మార్చడం ఎంత? వారానికి పదో వంతు, అదీ నిదానంగా. ఎయిర్ ట్యూబుకి ముడి వేసి బొట్టుబొట్టుగా పోయండి. సగం నీళ్లు మార్చడమనేది అమ్మోనియా (మలం, మిగిలిన మేత కుళ్లి వచ్చే విషం) ఎక్కిందన్న అత్యవసరంలోనే.

పిల్లల్ని మింగుతున్నది ఎవరు?

మొదటి అనుమానం ఫిల్టరు మీద. తొట్టి అంచుకి తగిలించే ఫిల్టరు నీళ్లని శుభ్రంగా ఉంచుతుంది కానీ పిల్లల్ని పీల్చేస్తుంది. ఎయిర్ పంపుతో నడిచే స్పాంజ్ ఫిల్టరు పీల్చదు, పైగా దాని ఒంటి నిండా రొయ్యపిల్లలకి మేత. చూడటానికి అందంగా ఉండదు, బుడబుడమని చప్పుడు, అయినా పిల్లలు కావాలంటే ఇదే. పాత ఫిల్టరు పారేయనక్కర్లేదు, నీళ్లు పీల్చే గొట్టానికి స్పాంజ్ ముక్క తొడగండి.

రెండోది చేపలు. "గప్పీలు సాధువులు" అంటారు. నోట్లో పట్టేదేదైనా తింటాయి, పిల్లరొయ్య పడుతుంది. దట్టంగా నాచుంటే కొన్ని దక్కుతాయి, గుంపు పెరగాలంటే మాత్రం చేపలకి వేరే తొట్టి తప్పదు.

మూడోది మొక్కలతో వచ్చే దొంగలు. తూనీగ పిల్ల ఒక్కటి చాలు, రోజుకి కొన్ని చొప్పున తినేస్తుంది. ప్లనేరియా అని బాణం ములుకులాంటి తల ఉన్న బల్లపరుపు పురుగు గుడ్ల తల్లుల్నీ పట్టుకుంటుంది. గాజు మీద దారంలా పాకే తెల్ల పురుగులు వేరు, వాటివల్ల నష్టం లేదు, మేత తగ్గిస్తే తగ్గుతాయి. ప్లనేరియాకి రెండు దారులు. పశువుల మందుల షాపులో దొరికే నులిపురుగుల మందు ఫెన్‌బెండజోల్ పనిచేస్తుంది, కానీ నెరైట్ నత్తలు చచ్చిపోతాయి, ఆ మందు ఇసుకలో చాలాకాలం నిలుస్తుంది. లేదా చిన్న గాజు సీసాలో మాంసం ముక్క పెట్టి రాత్రిపూట ఉచ్చు వేసి పట్టడం. నాకు ఉచ్చే నచ్చింది, నెల రోజులు పట్టినా సరే. విదేశాల్లో అమ్మే కొన్ని ప్లనేరియా పొడుల్లో వక్క సారం ఉంటుంది. అది చదివి ఇంట్లో వక్కలు ఉడికించి పోయకండి, మోతాదు ఎవరికీ తెలీదు.

నాలుగోది గదిలోనే ఉంది: దోమల మందు. ద్రవం వేడెక్కించేవైనా, కాయిల్స్ అయినా, బొద్దింకల స్ప్రే అయినా, వాటిల్లో వాడేవి చాలావరకు పైరెత్రాయిడ్లు. చేపలకీ రొయ్యలకీ అవి ప్రాణాంతకం. ఎయిర్ పంపు గదిలోని ఆ గాలినే పీల్చి నీళ్లలోకి కొడుతుంది కదా. ఒక వర్షాకాలం మా తొట్టిలో పిల్లలన్నీ రెండు రాత్రుల్లో పోయాయి. నీళ్ల టెస్టులన్నీ బాగున్నాయి. ఆ గదిలో అమ్మ కొత్తగా మందు పెట్టిందని తర్వాత తెలిసింది. ఇప్పుడు ఆ గదిలో దోమతెరే.

పిల్లలకి ఆకలి కూడా శత్రువే. కొత్త తొట్టి మూడు వారాలకి నీళ్లు తేటపడి తయారైనట్టు కనిపిస్తుంది, కానీ పిల్లలు తినే జిగట పొర రాళ్ల మీద పట్టడానికి రెండు మూడు నెలలు కావాలి. పెద్దవి బతుకుతూ పిల్లలు మాత్రం పోతున్నాయంటే కొత్త తొట్టిలో చేయాల్సింది ఎదురుచూడటమే. గాజు మీది పచ్చదనాన్ని ముందువైపు తప్ప గీకకండి.

గుడ్లతో ఉన్న తల్లిని పట్టి బ్రీడింగ్ డబ్బాలో పెట్టాలా? వద్దు. వల చూసిన భయానికే గుడ్లు రాల్చొచ్చు. అయితే తల్లి గుడ్లతోనే చచ్చిపోతే ఒక ప్రయత్నం చేయొచ్చు. గుడ్లు మెల్లగా తీసి టీ జల్లెడలో వేసి, ఎయిర్ రాయి పక్కన నీళ్లు కదిలేలా వేలాడదీయండి. నాకు పద్నాలుగింటిలో ఐదు వచ్చాయి.

ఏప్రిల్, మే నెలలు

గుడ్లు పొదగడానికి 24, 26 డిగ్రీల మధ్య అయితే దాదాపు 25 నుంచి 30 రోజులు పడుతుంది. 30 దాటిందంటే నీళ్లలో ప్రాణవాయువు తగ్గుతుంది, గుడ్లు పట్టడం మందగిస్తుంది. కంప్యూటర్‌కి పెట్టే చిన్న ఫ్యాను నీళ్ల మీదికి తిప్పితే హైదరాబాద్ పొడి ఎండలో రెండు నుంచి నాలుగు డిగ్రీలు తగ్గుతుంది. విశాఖలోనో, విజయవాడలోనో ఉక్కపోతగా ఉన్నప్పుడు అంత తగ్గదు, ఎందుకంటే ఆ చల్లదనమంతా ఆవిరి వల్ల వచ్చేది. ఆవిరైన నీళ్లకి బదులు ఆర్వోనే పోయండి. బోరు పోస్తూ పోతే ఖనిజాలన్నీ తొట్టిలో పేరుకుంటాయి. ఐసు సీసాలు వేయడం నాకు నచ్చదు, పగలు పడి రాత్రి పెరిగే ఉష్ణోగ్రత నిలకడైన వేడి కన్నా చెడ్డది. చిల్లరుకి తొట్టి ఖరీదు కంటే ఎక్కువ పెట్టాలి, చెర్రీకి అది దండగ. ఫ్యాను పెట్టండి, ఎయిర్ పంపు ఇంకోటి పెట్టండి. ఈ రెండు నెలలు పిల్లలు రాకపోతే పోనీయండి. కరెంటు పోతే నడిచే బ్యాటరీ పంపు ఒకటి ఉంటే చాలు.

మేత విషయంలో చెప్పడానికి పెద్దగా లేదు. డబ్బా మేత వారానికి రెండు మూడుసార్లు, రెండు గంటల్లో తినేంత. మిగతా రోజులకి ఎండిపోయి ఎర్రబడి రాలిన బాదం ఆకు (కాయలు కొట్టుకు తినే ఆ బాదమే), కడిగి వేడినీళ్లలో ముంచి వేయండి. హిందూపురం వైపు ఉన్నవాళ్లకి పట్టుపురుగుల కోసం పెంచే మల్బరీ ఆకు దొరుకుతుంది, రొయ్యలు దాన్ని ఈనెలు మిగిల్చి తింటాయి. మందు కొట్టని తోటదేనా అని అడిగి తీసుకోండి. 

కొత్త రొయ్యలు తేవాలా, ఉన్నవాటితోనే ఆగాలా?

చెర్రీ ఆయుష్షు ఏడాది, ఏడాదిన్నర, బాగుంటే రెండేళ్లు. షాపులో పెద్దవిగా, ముదురు ఎరుపుగా ఉన్నవి ఎంచుకుంటే అప్పటికే సగం వయసు అయిపోయిన ముసలివి తెచ్చుకున్నట్టు. సెంటీమీటరుండే పిల్లల్ని పది పదిహేను తీసుకోండి, రంగు పలచనైనా. వాటిలో ఆడా మగా రెండూ తగులుతాయి. ఉన్న గుంపు చిన్నదై, ఒకే తల్లి సంతానమై ఏళ్లు గడిస్తే వేరే చోటి నుంచి ఐదారు కలపడం మంచిదే. అవి కూడా అదే రంగువి.

కానీ ఉన్నవి పోతుంటే మాత్రం కొత్తవి తేకండి. పోయే కారణం పోలేదు కదా. ఒక మార్పు చేసి, మూడు వారాలు ఆగి, తేదీ రాసుకుని, అప్పుడు రెండో మార్పు. నా తొట్టి వెనక గోడకి అతికించిన కాయితం మీద మొదటి పది తేదీల్లో ఒక్కోదాని దగ్గర మూడేసి మార్పులున్నాయి. పదకొండో తేదీ దగ్గర 'బోరు 3, ఆర్వో 7' అని ఒక్కటే ఉంది. దాని కింద ఇరవై ఎనిమిది రోజుల తర్వాతి తేదీ, పక్కన అమ్మ చేతిరాత: "ఏవో దుమ్ములా ఉన్నాయి, కదులుతున్నాయి."